గాలివాటు

సాయంత్రం ఆరింటికి
మా ద్వీపంలో నూట నలభై ఇళ్ళూ
ఒకేసారి కెటిల్ మీట నొక్కుతాయి.
నర్సు కోటు విప్పకుండానే, బిగుసుకున్న వేళ్ళతో
కారుకి ప్లగ్గు తగిలిస్తాను.
అది తాగదు.
పచ్చదీపం ఒక్కసారి మిణుకుమని
ఊరుకుంటుంది,
బంతిలో కూర్చుని
వడ్డన తనదాకా వచ్చేవరకూ
ఆకు వంక చూడని పెద్దమనిషిలా.

ఎప్పటికి కావాలి, అని ఫోను అడిగింది మొదటిరోజున.
పొద్దున్న ఏడింటికి.
ఎంత కావాలి?
ఎంతంటే ఏం చెప్పను?
నలుగురికి ఇన్సులిన్, ఇద్దరికి కట్లు,
గుట్ట అవతల ఇంగా లౌటిట్ ముసలమ్మకి
బీపీ చూడ్డం, ఆమె చెప్పేదంతా వినడం.
సగం చాలన్నాను.
సగంతో సరిపెట్టుకోవడం ఆర్క్నీలో
ఎవరికీ నేర్పక్కర్లేదు.

సగం అన్నమాట తెలీనిది గాలికే.
సముద్రం అడుగున కేబులు చూస్తే
ఎప్పుడో వేసింది, బక్కది.
వీచినదంతా దాంట్లో పట్టదు.
ఎన్ని రాత్రులు చూశానో,
ఇంటి కప్పులు లేచిపోయే గాలిలో
పని దొరకని కూలీల్లా
చేతులు కట్టుకు నిలబడ్డ టర్బైన్లని.

ఇప్పుడు రాత్రి రెండింటికి
ఎక్కడో గ్లాస్గో దగ్గర ఎవరో,
లేదా ఎవరూ కాని ఒక లెక్క,
ఊఁ కానివ్వండి, అంటుంది.
ముప్ఫై ఒక్క కార్లు
ఒకదాని వెనక ఒకటి
చీకట్లో గుటకలు వేస్తాయి.
గాలి ఉండగానే కదా తూర్పారబట్టుకోవాలి.
గాలివాటు మనిషి అంటే తిట్టు.
గాలివాటు కారుకి మాత్రం
నెలాఖరు బిల్లులో పదకొండు పౌన్లు తగ్గింపు.

పక్కింటి ఐవార్ రెండల్ ఒప్పుకోలేదు.
పీతల బోనుకి తాడు బిగిస్తూ,
"నేనెప్పుడు బయల్దేరతానో
గోడకి కొట్టిన పెట్టె అడగడమేంటి?"
ఆయన కారు ఆరింటికే తాగుతుంది,
అందరి కెటిళ్ళతో పాటు,
వందకి వంద.
మీటింగులో ఆయన్ని మొండిఘటం అన్నారు.
నేనూ తలూపాను, బిస్కెట్ నముల్తూ.

ఫిబ్రవరిలో మూడ్రోజులు గాలి పడిపోయింది.
సముద్రం పళ్ళెంలో పోసిన నూనె.
ఒంటిగంట పావుకి ఫోను:
ఉత్తరపు కొసన క్లౌస్టన్ వాళ్ళ కోడలికి నొప్పులు,
ఏడో నెలలోనే.
పరుగెత్తి చూస్తే కారులో ఆరు శాతం.
ఏడింటికి సగం ఇస్తానంది, ఇస్తుంది కూడా,
మాట తప్పే రకం కాదు.
కానీ ఇప్పుడు ఒంటిగంట పావు.

తలుపు కొట్టబోయేసరికి
ఐవార్ తాళాలు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.
నా ఇంట్లో దీపం వెలగడం చూశాట్ట.
దారిలో అన్నాడు:
"మెరన్‌ని తీసుకెళ్ళిన రాత్రి
ముల్లు ఎర్రగీత కింద ఉంది."
పెట్రోలు కారు అప్పట్లో.
అంతకుమించి చెప్పలేదు.
పదిహేనేళ్ళు పక్కింట్లో ఉండి
నేను అడిగిందీ లేదు.

బిడ్డ, నా అరచెయ్యి, దానిమీద ఇంకో అరచెయ్యి, అంతే.
ఏడ్చింది. నాలుగింటికి హెలికాప్టర్ వచ్చింది.

తిరిగొచ్చేసరికి ఐదు దాటింది.
నా కారు సన్నగా మూలుగుతోంది,
గాలి లేకపోయినా ఇచ్చిన మాట కోసం
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని.
ఐవార్ కారులో డెబ్బై ఒకటి.
ప్లగ్గు తీసి చేత్తో పట్టుకుని ఆగాడు.
"ఈ వేళప్పుడు ఇది ఇంకెవరికైనా కావాలా?"
ఎవరికి, అన్నాను.
"అదే, మీ గ్లాస్గో లెక్కకి."
నాకు తెలీదన్నాను.
నిజంగానే తెలీదు.

కాసేపు అలాగే నిలబడ్డాడు
గుట్ట మీదకి చూస్తూ.
రెక్క ఒక్కటీ కదలడం లేదు.
తగిలించాడు.